పీపాలో ప్రాణమున్న బీరు!

చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్లినవాళ్లు అక్కడి పబ్‌లో తొలిసారి ‘రియల్ ఏల్’ తాగితే మొహం చిట్లిస్తారు. ‘ఇదేంటి, బీరులో చల్లదనం లేదు, గ్యాస్ లేదు... పాడైపోయిందా?’ అని డౌట్. పాడవలేదు. పాతకాలం బ్రిటిష్ బీరంటే అదే!

మన తాటికల్లు సంగతి తెలిసిందే కదా. చెట్టు మీంచి దించాక కూడా పులుస్తూనే ఉంటుంది. ఈ ఏల్ కూడా అంతే. వడగట్టరు, పాశ్చరైజ్ చేయరు. పబ్‌కి చేరాక కూడా పీపాలో ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి, చేతిపంపుతో పైకి లాగి పోస్తారు. ఒక పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. చిక్కల్లా ఒక్కటే. పీపా తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలి. లేదంటే రుచి పోతుంది.

అంటే, రోజూ వచ్చే జనం ఉంటేనే ఈ బీరు బతుకుతుంది.

1960ల్లో పెద్ద కంపెనీలు దీనికో షార్ట్‌కట్ పట్టుకున్నాయి. వడగట్టి, పాశ్చరైజ్ చేసి, గ్యాస్ ఎక్కించిన ‘కెగ్’ బీరు. వారాల తరబడి నిల్వ ఉంటుంది, ఎవరైనా పోయగలరు. రుచి మాత్రం చప్పన. ఒళ్లు మండిన నలుగురు కుర్రాళ్లు 1971లో ‘కామ్రా’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. తర్వాత దాని సభ్యులు లక్ష దాటారు. ఏల్ చచ్చిపోకుండా నిలబడింది. కానీ 1990ల నాటికి అమ్మకాల్లో సగానికి పైగా చల్లటి లాగర్ బీరే పట్టుకుపోయింది.

మరి పబ్బులో? మొదటి ప్రపంచయుద్ధంలో, కార్మికులు తాగి పని మానేస్తున్నారని మధ్యాహ్నాలు మూయించారు. ఆ రూల్ ఇంగ్లండ్‌లో 1988 దాకా నడిచింది! ఆ మరుసటి ఏడాది, బ్రూవరీల చేతిలో పబ్బులు మరీ ఎక్కువున్నాయని ప్రభుత్వం పరిమితి పెట్టింది. అలా వదులుకున్నవి చాలావరకు బీరు కాయని ఆస్తుల కంపెనీల చేతికెళ్లాయి. అద్దె వాళ్లకే, బీరు కొనాల్సిందీ వాళ్ల దగ్గరే. 2007లో పొగతాగడం నిషేధం. పక్కనే సూపర్‌మార్కెట్‌లో చవక క్యాన్లు. 2000లో సుమారు 60 వేలున్న పబ్బులు ఇప్పుడు 45 వేల దగ్గరికొచ్చాయి.

అయినా కొన్ని ఊళ్లు వదల్లేదు. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లెలో ‘ఓల్డ్ క్రౌన్’ని 2003లో ఊరివాళ్లే చందాలేసుకుని కొనేశారు. ఇక బర్మింగ్‌హామ్ చుట్టుపక్కలైతే మనోళ్ల కథే. 1960ల్లో రంగు చూసి భారతీయుల్ని లోపలికి రానివ్వని పబ్బులుండేవి. అదే ప్రాంతంలో ఇవాళ పంజాబీలు నడిపే ‘దేశీ పబ్బులు’ కిటకిటలాడుతున్నాయి. తందూరీ మిక్స్‌డ్ గ్రిల్, పక్కన పింట్!

ఎప్పుడైనా అటు వెళ్తే, కౌంటర్ మీద పొడుగాటి పంపు హ్యాండిల్ ఉందేమో చూడండి. ఉంటే, పబ్‌లో జనం ఉన్నారో లేదో చూసి మరీ ఆర్డరివ్వండి. ఖాళీగా ఉంటే ఆ పీపా ఎన్నాళ్ల క్రితం తెరిచారో అడిగి తెలుసుకోవడం మంచిది!