మీకు తెలుసా? ఒలిండా పండగకు తెర తీసేది ఓ బొమ్మ!

బ్రెజిల్ తీరపట్టణం ఒలిండాలో కార్నివాల్‌కు తెర తీసేది మూడు మీటర్లకు పైగా ఎత్తున్న ఓ బొమ్మ. పేరు ‘అర్ధరాత్రి మనిషి’. 1932 నుంచీ ఆ వీధుల్లో తిరుగుతున్నాడు. కార్నివాల్ శనివారం రాత్రి సరిగ్గా పన్నెండింటికి, ఆకుపచ్చ-తెలుపు కోటు, ఎత్తు టోపీ, నోట్లో బంగారు పన్నుతో బయల్దేరతాడు. అంత బొమ్మనూ మోసేది లోపలున్న ఒక్క మనిషే! అతను గిర్రున తిరిగితే, బొమ్మ చేతులు గాల్లోకి లేచి జనం తలల మీదుగా ఊగుతాయి. ఎంత ఒడుపు కావాలో ఆలోచించండి.

తర్వాత అర్ధరాత్రి మనిషికి తోడుగా ‘పగటి మహిళ’, ‘మధ్యాహ్నం పిల్లాడు’ కూడా వచ్చారు. ఇప్పుడు ఊరేగింపుల్లో ఇలాంటి భారీ బొమ్మలు బోలెడు.

పోర్చుగీసులు 1535లో కొండమీద కట్టిన ఈ ఊరిని 1631లో డచ్చివాళ్లు తగలబెట్టారు. మళ్లీ లేచిన ఊరికి 1982లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. చిన్న రంగుల గొడుగు పట్టి ఎగిరి ఆడే ఇక్కడి ‘ఫ్రెవో’ నృత్యానికి 2012లో యునెస్కో అమూర్త వారసత్వ గుర్తింపు లభించింది.

వెళ్లేవారికో మాట: రియో కార్నివాల్‌లోలా ఇక్కడ గ్యాలరీలూ టికెట్లూ ఉండవు. రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల సందుల్లో జనంతోపాటు నడవాల్సిందే, మంచి బూట్లు వేసుకెళ్లండి.