తొమ్మిది గళ్లు, చింతపిక్కలు

అమ్మడూ, మన మైలవరానికి ఆగిరిపల్లి ఏమంత దూరం? భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు 1909లో పుట్టింది అక్కడే. పాతికేళ్లయినా నిండకుండానే, 1931లో, కలకత్తాలో సి.వి. రామన్ గారితో కలిసి, వాయువుల్లో చెదిరే కాంతిని కొలిచి, కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ అనే తిరుగుడు గుణం ఉందని చూపించారాయన. మన మెట్ట కుర్రాడు!

మరి కొలవకముందు ఆ స్పిన్ ఎటుంటుందంటావా? జవాబు కణంలో ముందే రాసిపెట్టి ఉంటుంది, మనకు కనపడదంతే అన్నారు కొందరు. ఐన్‌స్టీన్ మనసూ అటే మొగ్గింది. ఆ దాగిన రాతలనే గుప్త చలరాశులంటారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడు.

అరగదీసిన చింతపిక్కలు పట్రా, ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు ఉండేవి. మూడు అడ్డం, మూడు నిలువు, తొమ్మిది గళ్లు గీసి గడికొక పిక్క పెట్టు. ప్రతి అడ్డ వరసలోనూ తెలుపులు సరిసంఖ్యలో రావాలి, సున్నా అయినా సరే. మొదటి రెండు నిలువు వరసల్లోనూ అంతే. మూడో నిలువు వరసలో మాత్రం బేసి. తెల్లవార్లూ కూర్చున్నా కుదరదు! అడ్డంగా లెక్కపెడితే మొత్తం తెలుపులు సరి, నిలువుగా లెక్కపెడితే అవే పిక్కలు బేసి కావాలి మరి.

ఈ గళ్లు 1990 ప్రాంతంలో పెరెజ్, మెర్మిన్ అనే శాస్త్రవేత్తలు కూర్చినవి. ఇలా జవాబులు ముందే రాసిపెట్టడం కుదరదని 1967లోనే కోషెన్, స్పెకర్ అనేవాళ్లు 117 దిక్కులు పెట్టి నిరూపించారు గానీ, నాకు చింతపిక్కలే నయం.

మరి ప్రకృతి ఏం చేస్తుందో చూడు. రెండు కణాల స్పిన్‌ల మీద గడికొక కొలత పెట్టుకో; తెలుపు, నలుపు దానికి రాగల రెండు జవాబులు. ఒక వరసలోని మూడూ కలిపి కొలవచ్చు, తొమ్మిదీ ఒకేసారి కుదరదు. ఏ వరస కొలిచినా దాని షరతు నిలుస్తుంది! 2009లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో రెండు కాల్షియం అయాన్లతో చేసి చూశారు. షరతు నిలిస్తే ఒక మార్కు, తప్పితే ఒకటి కోత. ఆరు వరసలకీ కలిపి, ముందే రాసిపెట్టిన జవాబులకు నాలుగు మించవు. అయాన్లకు సగటున 5.46 వచ్చాయి. పరికరాల్లో లోపమే లేకపోతే ఆరుకు ఆరూ రావాలి.

అంటే ఒక గడిలోని జవాబును అడ్డ వరసతో కలిపి అడిగినా, నిలువు వరసతో కలిపి అడిగినా మారని రాతగా ముందే రాసిపెట్టలేం. దీన్నే సందర్భాధీనత అంటారు.

ఇక్కడే చాలామంది తొందరపడి గుప్త చలరాశులకు పాడె కట్టేస్తారు. కానీ 1952లో డేవిడ్ బోమ్ చెప్పిన సిద్ధాంతంలో కణానికి ఎప్పుడూ ఒక చోటుంటుంది, ఒక తరంగం దాన్ని నడిపిస్తుంది. స్పిన్ జవాబు మాత్రం కణం ఒక్కటే తేల్చదు, పరికరం అమర్చిన తీరుకీ అందులో పాలుంటుంది. అందుకే చింతపిక్కల దెబ్బ దానికి తగల్లేదు. కొలిచేదాకా లోకంలో ఏదీ లేదని రుజువైపోయిందని ఎవరైనా నీతో అంటే, మరి బోమ్ సంగతేమిటండీ అని అడుగు.