ఈస్ట్ కణంలో ఎండోసైటోసిస్: ప్రోటీన్ ఉన్న చోటు తెలిస్తే చాలునా?

నత్రజని కొరతగా ఉన్న మాధ్యమంలో శాకరోమైసెస్ సెరివిసియే అనే ఈస్ట్, అమైనో ఆమ్లాలను లోనికి తీసుకొనేందుకు గ్యాప్1 అనే రవాణా ప్రోటీన్‌ను ప్లాస్మా పొరపై నిలుపుకొంటుంది. మాధ్యమానికి అమ్మోనియం చేర్చినప్పుడు ఆ అవసరం తగ్గుతుంది. అప్పుడు ఆర్‌ఎస్‌పీ5 అనే ఎంజైము గ్యాప్1కు యుబిక్విటిన్‌ను తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రోటీన్ పొరతో సహా లోనికి పోయి, రిక్తికను చేరి విచ్ఛిన్నమవుతుంది. ఈ విధంగా పొరలోని కొంత భాగాన్ని చిన్న తిత్తిగా లోనికి తీసుకొనే ప్రక్రియయే ఎండోసైటోసిస్. పొరను వీడిన క్షణం నుండి గ్యాప్1 రవాణా చేయలేదు.

ప్రోటీన్ల స్థాన నిర్ణయానికి ఇంత ప్రాధాన్యం అందువల్లనే. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈస్ట్ ప్రోటీన్లకు ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను జోడించి, 4,156 ప్రోటీన్ల నెలవులను గుర్తించారు. జన్యువును దాని సహజ స్థానంలో, దాని ప్రమోటరు అధీనంలోనే ఉంచడం ఈ పని విలువను పెంచింది. అధికోత్పత్తి జరిగితే ప్రోటీన్ తనది కాని చోట కూడ కనిపించవచ్చు. అయినను ఇది నిశ్చల పటమే.

పొర అంచున కనిపించే ఆక్టిన్ మచ్చలను తీసుకొందాం. స్లా1, ఏబీపీ1 అనే ప్రోటీన్లు కొన్ని మచ్చలలో కలిసి, కొన్నింటిలో విడివిడిగా కనిపిస్తాయి. నిశ్చల చిత్రాన్ని బట్టి మచ్చలు వేర్వేరు రకాలని తలంచవచ్చు. 2003లోనే బర్క్‌లీలో కాక్సోనెన్, సన్, డ్రూబిన్ జీవకణాలను రెండు రంగులలో వరుసగా చిత్రించగా చిక్కు వీడింది. స్లా1 ముందుగా వచ్చి పొర వద్ద కదలక నిలుస్తుంది. తరువాత ఆక్టిన్‌తో పాటు ఏబీపీ1 చేరుతుంది. రెండూ కలిసి స్వల్పదూరం లోనికి జరుగుతాయి. స్లా1 వీడిపోయాక ఏబీపీ1 మరికొంత లోనికి సాగి మాయమవుతుంది. ఏబీపీ1 అక్కడ ఉండేది సుమారు 15 సెకన్లే. అవన్నీ ఒకే మచ్చ గడిచే దశలు.

ఈస్ట్‌లో ఆక్టిన్ తప్పనిసరి కావడానికి స్ఫీత పీడనం ప్రధాన కారణం. కణకవచానికి పొరను అదిమిపట్టే ఆ పీడనానికి ఎదురుగా పొర వంగవలసి ఉంటుంది. లాట్రంక్యులిన్-ఏతో ఆక్టిన్ నిర్మాణాన్ని ఆపితే స్లా1 మచ్చలు ఉపరితలం వద్దనే నిలిచిపోతాయి. స్లా2 లోపించిన ఉత్పరివర్తకాలు మరింత ఆలోచింపజేస్తాయి. స్లా2 ఒక కొనతో పొర లిపిడ్లను, మరొక కొనతో ఆక్టిన్‌ను పట్టుకొంటుంది. అది లేనప్పుడు ఆక్టిన్ తోకచుక్క తోక వలె పెరుగుతూనే ఉంటుంది, కాని పొర లోనికి రాదు. ఇంజను తిరుగుతున్నా చక్రానికి లంకె తెగిన బండి వంటిది ఇది. స్లా1, ఆక్టిన్ ఉండవలసిన చోటనే ఉన్నాయి. పని మాత్రం జరగడం లేదు.

వరి అగ్గితెగులు శిలీంధ్రం వంటి రోగకారకాల అధ్యయనంలోనూ ప్రతిదీప్తి జోడింపు నేడు వాడుకలో ఉన్న పద్ధతి. ఒక్క చిత్రంలో రెండు రంగులు కలిసినంత మాత్రాన ఆ ప్రోటీన్లు కలిసి పనిచేస్తున్నాయని రాయడం తొందరపాటు. జోడింపు గల విభేదం మాతృ విభేదంతో సమానంగా పెరుగుతున్నదీ లేనిదీ మొదట చూడాలి. తరువాత వరుస చిత్రాలు తీయాలి. పొర నిజంగా లోనికి పోతున్నదా అన్నది ఎఫ్‌ఎం4-64 వంటి రంజకం రిక్తిక పొరను చేరడాన్ని బట్టి విడిగా పరీక్షించాలి.