చిన్ననాటనే ప్రధానోపాధ్యాయిని: శ్రీమతి దుర్గాబాయి

మన చేనేత ఇండ్లలో ఆడపిల్ల చదువు తరచు కండెల దగ్గర ఆగిపోవుచుండును. తండ్రి మగ్గము గుంటలో ఉండును, తల్లి ఆసు పోయుచుండును. కండెలు చుట్టుటకు ఒక చేయి తక్కువైనచో బడికి పోవు పిల్లనే పిలుతురు. పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతపడినప్పుడు చదువుకున్న కూతురున్న ఇల్లు ఎట్లు నిలద్రొక్కుకొన్నదో ఇరుగుపొరుగువారు చూచినదే. అందుచేత ఈ నెల ఒక పంతులమ్మ చరిత్ర వ్రాయుచున్నాను.

శ్రీమతి దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరములో జన్మించినారు. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆనాటి ఆచారము ప్రకారము ఎనిమిదవ ఏటనే పెండ్లి చేసిరి. తెలివి వచ్చిన తరువాత ఆమె ఆ సంబంధము వలదనగా తండ్రియు, సోదరుడును ఆమె పక్షముననే నిలిచిరి. ఈనాడైనను అట్టి తండ్రులు ఎందరు?

సహాయ నిరాకరణ రోజులలో ఇంగ్లీషు చదువు వద్దని బడి మానివేసి, తాను నేర్చిన హిందీని తోటి బాలికలకు చెప్పుటకై బాలికా హిందీ పాఠశాల పెట్టినారు. దానిని నడపిన పెద్ద కూడ ఇంకను బాలికయే!

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినది. ప్రక్కనే ఖద్దరు ప్రదర్శనము. టిక్కెట్టు లేనివారిని లోపలికి పోనీయరాదని దుర్గాబాయిని ద్వారమువద్ద నిలిపిరి. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకుండ రాగా ఆమె ఆపివేసినారు. నిర్వాహకులు కోపపడిరి గాని, చివరకు టిక్కెట్టు కొన్న పిదపనే ఆయనను లోపలికి విడిచినారు. నెహ్రూగారు ఆమె ధైర్యమును మెచ్చుకొన్నారట. ఈ సంగతిని వినోదముగా చెప్పుకొందురు. లోపలనున్నది చేతి నూలు, చేతి నేత. దానిని చూడవచ్చు పెద్దవారైనను రుసుము చెల్లించవలెనన్న పట్టుదల మన వృత్తివారికి వినోదము మాత్రము కాదు.

1930లో మద్రాసు ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని, తరువాత పలుమార్లు జైలుకు వెళ్ళినారు. మదురై జైలులో ఒంటరి కొట్టులోకూడ ఉంచిరి. విడుదలైన పిదప, బడి మానిన ఆమెయే మరల పుస్తకము పట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ప్రైవేటుగా కట్టి నెగ్గినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ., ఎం.ఏ., మద్రాసులో 1942లో న్యాయశాస్త్ర పట్టము! మెట్రిక్‌తో ఆగిన నావంటివారికి ఇది చదువుటకే ఆయాసము.

మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళాసభ స్థాపించినారు. బడి వయస్సు దాటిన స్త్రీలను, వితంతువులను చేరదీసి, తాను కట్టిన ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే వారిని కూడ తయారుచేయించినారు. 'ఆంధ్ర మహిళ' పత్రికకు సంపాదకత్వము వహించినారు. రాజ్యాంగ సభలో సభ్యురాలైనారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. ఆ సంవత్సరమే చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినారు. 1958లో స్త్రీ విద్యపై జాతీయ సంఘమునకు అధ్యక్షత వహించినారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చినది. 1981 మే 9న పరమపదించినారు.

వీటన్నిటిలో నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. చదువు నడుమ ఆగిన వయోజన స్త్రీలకు తక్కువ కాలములో పరీక్షకు సిద్ధముచేయు సంక్షిప్త విద్యాక్రమమును ఆ మండలి 1958లో మొదలుపెట్టినది. కండెల కొరకు బడి మానిన కూతురు, పెండ్లియై వచ్చిన కోడలు, ఇరువురును అట్టి చదువునకు తగినవారే.