విల్లీసా, మాజ్డానా? యాంగోన్ జీపుల ముచ్చట

ఇటలీ ఫెరారీ గొప్పదా, జర్మనీ పోర్షే గొప్పదా అని మనింటి మగవాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. యాంగోన్‌లో అసలు పోటీ పాత జీపులది. ఒకటి అమెరికా విల్లీస్, ఇంకోటి జపాన్ మాజ్డా పాత్‌ఫైండర్. ఈ గడ్డ మీదే ఒకదానితో ఒకటి యుద్ధం చేసిన దేశాలు మరి!

విల్లీస్ ఆ యుద్ధంతోనే వచ్చింది. 2.2 లీటర్ల ఇంజను, 60 హార్స్‌పవర్. సైన్యం వదిలేసి వెళ్లిన బండ్లను ఇక్కడి మెకానిక్‌లు అతుకులేసి దశాబ్దాలు నడిపారు. స్టీరింగ్ ఎడమవైపు. 1970 డిసెంబరులో నె విన్ ప్రభుత్వం అందరినీ రోడ్డుకు కుడిపక్కన నడపమన్నప్పుడు ఈ ముసలి జీపే చక్కగా సరిపోయింది.

మాజ్డా మాత్రం 1970ల మొదట్లో బర్మాలోనే, బర్మా కోసమే తయారైంది.

అరుదైనది ఏదంటే చాలామంది విల్లీస్ అనేస్తారు, యుద్ధం పేరుంది కదా. కానీ యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆ రకం జీపులు 6 లక్షలకు పైగా చేశాయి. అందుకే నా ఓటు మాజ్డాకే.

2011లో, 40 ఏళ్లు దాటిన బండి అప్పగిస్తే వేరే కారు తెచ్చుకోవడానికి పర్మిట్ ఇస్తామన్నారు. తర్వాత ఆ వయసు ఇంకా తగ్గించారు. ఇచ్చిన బండ్లన్నీ తుక్కుకే. పర్మిట్ చేతికొస్తుంటే పాత జీపు ఎవరు దాచుకుంటారు చెప్పండి?

మీ నాయనమ్మ ఆల్బమ్‌లో జీపు ముందు దిగిన ఫోటో ఉందా? ముందు రేకులో తొమ్మిది నిలువు గాట్లుంటే యుద్ధకాలపుది కావచ్చు. వేరేలా ఉంటే గ్రూపులో పెట్టండి, మాజ్డా ఏమో చూద్దాం.