ఒక ఫొటో, మూడిళ్లు

ఇంటి ఫొటోలు పోకుండా దాచుకోవడమెలాగో రాయాలి, శుక్రవారానికల్లా పేజీలు కావాలి. ఇదీ ఎడిటర్ గారి ఆర్డరు. నాలుగు యాప్‌ల పేర్లు రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ‘అంతా ఫోన్లో ఉందిలే’ అన్న ధీమా మీద నాకు మొదట్నుంచీ గురి తక్కువ. అందుకే కలమల్ల శాసనం నకలు ముందేసుకున్నా.

రాయలసీమ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడే ఊరు కలమల్ల, ఎర్రగుంట్ల పక్కనే. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికింది ఆ రాతికంబం. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం. క్రీ.శ. 575 ప్రాంతంలోనిదని పండితుల లెక్క. తొలి తెలుగు శాసనంగా ఎక్కువమంది చెప్పేది దీన్నే.

నకలు తీసే పని చూడముచ్చటగా ఉంటుంది. రాయిని శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితం పరిచి బ్రష్షుతో దబదబ కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. మిట్టకు సిరా అంటుతుంది, గుంట తెల్లగా మిగులుతుంది. రాయి పెచ్చులూడిన చోట నకల్లోనూ అక్షరం ఉండదు. లేనిదాన్ని అది అతికించదు. మనమేమో అవ్వ ఫొటోలో మడత పోగొట్టాలని యాప్‌కిచ్చి, అవ్వది కాని ముఖం తెచ్చుకుంటున్నాం. మడతతో ఉన్న స్కానే అసలుది, దాన్ని చెరపొద్దు.

ఈ శాసనపాఠాన్ని చరిత్రకారులు నీలకంఠశాస్త్రి, ఎం.వెంకటరామయ్య శాసనాల పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటంలో అచ్చువేశారు. చెన్నై మ్యూజియంకు చేర్చారన్న రాయి అక్కడ కనబడడం లేదని ఆ మధ్య పత్రికల్లో గోలయింది. పాఠానికి మాత్రం ఢోకా లేదు, ఆ సంపుటం ఎన్నో ఊళ్ల గ్రంథాలయాల్లో ఉంది. ఇంటి ఫొటోకు కావాల్సిందీ ఈ ఏర్పాటే. ప్రొద్దుటూరు బీరువాలో ఒకటి, పులివెందుల అక్క ఇంట్లో ఒకటి, కువైట్ తమ్ముడి దగ్గర ఇంకొకటి.

ఈ ప్రతుల చరిత్ర గబగబా చెప్పేస్తా. 1820లో కడపకొచ్చిన సి.పి.బ్రౌన్ దొర పండితుల్ని జీతాలకు పెట్టుకుని తాళపత్ర కావ్యాలకు ప్రతులు రాయించాడు. 1839లో పారిస్‌లో డగేరు ఫొటో పద్ధతి లోకానికి తెలిసింది. తర్వాత నెగెటివ్ వచ్చింది, స్టూడియోలో అదే రెండో ప్రతి. డిజిటల్‌లో నెగెటివ్ ఉండదు, ఆ దిలాసా పోయింది.

తడిసిన ఫొటోలకు

2021 నవంబరు 19న అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడింది. అలాంటి వరదలో ఆల్బమ్ తడిస్తే, అంటుకున్న ఫొటోల్ని పీకొద్దు. స్టూడియోలో కడిగించిన ప్రింట్లయితే చల్లటి మంచినీళ్లలో నాననిచ్చి మెల్లగా విడదీయండి. బొమ్మవైపు చెయ్యి తగలకుండా నీడలో ఆరబెట్టండి. ఇంక్‌జెట్ ప్రింట్లను నీళ్లలో వేయొద్దు, రంగు కారిపోతుంది. రెండు రోజుల్లో తెమలదనుకుంటే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి, బూజు పట్టదు.

3-2-1

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలో పెట్టిన లెక్క: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. పెళ్లి వీడియో సీడీలు వెంటనే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. జిగురు పేజీల ఆల్బమ్‌లు మార్చేయండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. నున్నటి కలర్ ప్రింట్ల మీద పెన్సిల్ అంటదు, కవరు మీద రాయండి. పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని ముగించండి.