వెబ్ డిజైనింగ్ కోర్సుకు వేలల్లో ఫీజు కడుతున్నారా..? ఒక్క నెల ఆగి ఇది చేసి చూడండి!

డిగ్రీ అయిపోయింది.. ఖాళీగా ఉండటం ఎందుకు, ఏదైనా కంప్యూటర్ కోర్సు చేద్దామనుకుంటారు. టౌన్‌కి వస్తే "వెబ్ డిజైనింగ్.. 100 శాతం జాబ్ గ్యారంటీ" అనే బోర్డు కనిపిస్తుంది. ఇంట్లో అడిగితే పత్తి అమ్మిన పైసలు తీసిస్తారు. 2020 జులైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ ప్రారంభమయ్యాక, సొంత జిల్లాలోనే ఉద్యోగం చేసుకోవచ్చన్న ఆశ కూడా ఉంది. మరి కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రోజే ఫీజు కట్టాలా? సూటిగా చెప్పాలంటే.. అవసరం లేదు.

సాఫ్ట్‌వేర్ మారుతుంది.. బేసిక్స్ మారవు

ఒకప్పుడు వెబ్ డిజైనింగ్ కోర్సుల్లో ఫ్లాష్ కూడా నేర్పేవారు. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. కానీ హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ 1990ల నుంచి ఉన్నాయి, ఇప్పటికీ ప్రతి వెబ్‌సైట్ వీటి మీదే నడుస్తోంది. అందుకే సాఫ్ట్‌వేర్ పేరు చూసి కాదు, ఈ మూడూ నేర్పుతారా లేదా అన్నది చూడాలి.

ఫ్రీగా ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఫ్రీకోడ్‌క్యాంప్‌లో వెబ్ డిజైన్ పాఠాలతో పాటు సర్టిఫికెట్ కూడా ఉచితమే. డౌట్ వస్తే చూసుకోవడానికి ఎండీఎన్, డబ్ల్యూ3స్కూల్స్ ఉన్నాయి. ఇంగ్లిష్ ఇబ్బంది అనుకుంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో కొన్ని కంప్యూటర్ పాఠాలు తెలుగులోనూ దొరుకుతాయి. కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ ఫ్రీ. డిజైన్ గీయడానికి ఫిగ్మాలో ఫ్రీ ప్లాన్ ఉంది. చేసిన సైట్‌ను గిట్‌హబ్ పేజెస్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టొచ్చు.

నెల రోజులు రోజుకు గంట కూర్చోండి. కేస్లాపూర్ నాగోబా జాతర మీదనో, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ మీదనో ఒక్క పేజీ సైట్ చేయండి. పేజీ పూర్తయితే ఈ పని మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. వారానికే బోర్ కొడితే.. ఫీజు మిగిలినట్టే!

మరి ఎప్పుడు కట్టొచ్చు?

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లది వేరే లెక్క. ఫోన్‌లో పాఠాలు చూడొచ్చు కానీ, రోజూ కోడ్ రాయాలంటే కీబోర్డు కావాల్సిందే. అలాంటివాళ్లకు ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్ పనికొస్తుంది. ఒంటరిగా నేర్చుకుంటూ ఎక్కడో ఆగిపోయినవాళ్లకు తప్పులు చూపించి దిద్దే సార్ దొరికితే ఆ ఫీజుకు విలువ ఉంటుంది. వీడియో పాఠాలే ప్లే చేసి వదిలేస్తే మాత్రం దండగే. అవి ఫోన్‌లోనే ఉన్నాయి కదా.

కట్టే ముందు ఇవి అడగండి

• డెమో క్లాస్ చెప్పేది, రేపు పాఠం చెప్పేది ఒక్కరేనా?
• పాత స్టూడెంట్స్ చేసిన సైట్ల లింకులు ఇస్తారా? ఇస్తే అక్కడే మీ ఫోన్‌లో తెరిచి చూడండి.
• ఒక్కొక్కరికి ఒక కంప్యూటర్ ఉందా? రోజుకు ఎన్ని గంటలు?
• మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? కాగితం మీద రాసిస్తారా?
• ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా? ప్రతిసారీ రసీదు ఇస్తారా?

జాబ్ గ్యారంటీ అంటే నమ్మాలా?

కోచింగ్ సెంటర్లు ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోయామనిపిస్తే 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు. అయితే చేతిలో రసీదు, ఆ ప్రకటన ఫొటో ఉండాలి.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు, మీరు చేసిన సైట్ ఏదని అడుగుతారు. ఆ మొదటి సైట్ ఫ్రీగానే చేయొచ్చు. ఫీజు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.